శేషం పద్నాలుగు నిమిషాలు

పన్నెండింటికి ఇరవై నిమిషాలుందనగా ఫోను మోగింది. అప్పటికి డిటెక్టివ్ శేషం గారు ఒక మోకాలికి నొప్పుల మందు రాసుకుని రెండో మోకాలి మీదికి వస్తున్నారు. జిడ్డు చేత్తో ఎత్తితే ఫోను జారుతుందని మోచేత్తో నొక్కి స్పీకరు పెట్టారు.

“ఆస్పత్రి సూపరింటెండెంటునండీ. మా దగ్గర సారీ అండీ! సాలా పెద్ద సారీ!”

పోయిన వారం మోకాలి ఎక్స్‌రే కోసం ఆ ఆస్పత్రి బెంచీ మీద మూడు గంటలు కూర్చోబెట్టారు. ఇన్నాళ్ళకి బుద్ధి వచ్చిందన్నమాట అనుకున్నారావిడ.

“అయ్యో, ఫర్వాలేదు లెండి. అందరి దగ్గరా జరిగేదే,” అని పెట్టేశారు.

మళ్ళీ మోగింది. “అమ్మా, మీకర్థం కాలేదు. సారీ! సారీ అంటున్నాను!”

“సారి సారికీ సారీ ఎందుకు సారూ? ఒకసారి చెప్పారు, చాలు,” అని రెండో మోకాలికి మందు మొదలుపెట్టారు.

ఒంటిగంటన్నరకి ఇంటి ముందు అంబులెన్సు ఆగింది. డ్రైవరు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చాడు.

“హెడ్ నర్సమ్మ పంపించిందండీ. పిల్లల వార్డులో మందు దొంగతనం జరిగింది. పాపం, డ్యూటీలో ఉన్న సిస్టర్ని పట్టుకున్నారు.”

“ఇంత జరిగితే నాకొక్క ముక్క చెప్పరేం?”

డ్రైవరు ఆవిడని వింతగా చూశాడు. “సూపరింటెండెంటు గారు రెండుసార్లు చెప్పారటగా. మీరే ఫర్వాలేదన్నారట.”

“నేనా?”

“అందుకే వేరే ఆయన్ని పిలిపించారు. సూటేసుకుని వచ్చాడు.”

ఆ సూటెవరిదో ఆవిడకి తెలుసు. చెప్పులు వేసుకుని అంబులెన్సెక్కారు. జీవితంలో మొదటిసారి ట్రాఫిక్కంతా తనకి దారి ఇస్తుంటే ఆనందించే ఓపిక కూడా లేకపోయింది.

అసలు పేరు ఆవిడకి గుర్తింపు కార్డులో మాత్రమే ఉంది. ఎవరు ఏ కథ చెప్పినా చివరిదాకా విని, “అయితే శేషం ఎంత?” అని అడగడం ఆవిడ అలవాటు. చెప్పినదాంట్లోంచి నిజంగా జరగగలిగినది తీసేస్తే మిగిలేదే అబద్ధం అంటారు. అలా అడిగీ అడిగీ ఆవిడే శేషం గారైపోయారు.

సూపరింటెండెంటు గదిలో గోడ గడియారం రెండు చూపిస్తోంది. ఆయన బుగ్గ మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఆవిడని చూడగానే మొహం ఇంకాస్త ముడుచుకుంది.

“వచ్చారా? మీకు ఫర్వాలేదు కదా, మళ్ళీ ఎందుకు శ్రమపడ్డారు?”

అది ఎందుకన్నారో ఆవిడకి అర్థం కాలేదు. అడిగేందుకు వ్యవధీ లేదు. ఎదురు కుర్చీలో ప్రైవేటు డిటెక్టివ్ సూట్‌కేసు కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. ఒంటి మీద ఎప్పుడూ సూటు, చేతిలో ఎప్పుడూ ఒక కేసు ఉంటాయి కాబట్టి ఊళ్ళో వాళ్ళే పెట్టిన పేరది. మూల స్టూలు మీద ఇరవై ఏడెనిమిదేళ్ళ నర్సు, తెల్ల కోటు అంచుని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. ఏడుపు అయిపోయి, ఎక్కిళ్ళు మిగిలాయి.

“ఆలస్యంగా వచ్చారు శేషం గారూ. కేసు క్లోజు,” అన్నాడు సూట్‌కేసు.

“కేసు క్లోజైతే మూతేసుకుని వెళ్ళిపోవాలి కదా, ఇంకా కూర్చున్నారేం? అమ్మా, నువ్వు చెప్పు. ఏం పోయింది?”

నర్సు గొంతు సవరించుకుంది. “వార్డులో ఆరేళ్ళ పాప ఉందండీ. ఆ పాప కోసం ఆరు సీసాల మందు తెప్పించారు. ఇంకెక్కడా దొరకదు. ఇవాళ నాలుగింటికి నాలుగు సీసాలు ఎక్కించాలి. చిన్న ఐసుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెని వార్డు ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేశాం. పదిన్నరకి డాక్టరు గారూ నేనూ చూస్తే ఉంది. పదకొండింటికి చూస్తే పెట్టెతో సహా లేదు.”

“తాళం పగిలిందా?”

“లేదండీ. తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గరుంది, ఒకటి స్టోరుకీపరు గారి దగ్గరుంది.”

“ఫ్రిజ్ బయట ఆ మందు ఎంతసేపు బతుకుతుంది?”

“ఐసుపెట్టె మూత తియ్యకపోతే ఆరు గంటలండీ. ఆ తరవాత అది మందు కాదు, నీళ్ళు.” మళ్ళీ ఎక్కిళ్ళొచ్చాయి. “నన్ను జైల్లో పెట్టినా సరే మేడం, ముందు ఆ పెట్టె వెతికించండి. నాలుగింటికి పాపకి ఏం ఎక్కించాలి?”

పాపకి రెండు గంటల గడువుంది. ఆ తరవాత మహా అయితే ఇంకో గంటకి మందే చచ్చిపోతుంది. శేషం గారు సూట్‌కేసు వైపు తిరిగారు. “ఈ అమ్మాయే అని ఎలా తేల్చారు?”

అతను ఒళ్ళో పెట్టెని ప్రేమగా తట్టాడు. “ఇది గొంతు విని అబద్ధం పట్టేస్తుంది. నూటికి తొంభై అయిదు సార్లు కరెక్టు. వరసగా కూర్చోబెట్టి మందు తీశావా అని అడిగాను. ఎనిమిది మందికి కిక్కురుమనలేదు. తొమ్మిదోది ఈవిడ. కుయ్యిమంది. అంటే ఈవిడ దొంగ కావడానికి నూటికి తొంభై అయిదు పాళ్ళు అవకాశం.”

“ఇవాళ డ్యూటీలో ఎంతమంది ఉన్నారు?”

“ఎనభై,” అన్నారు సూపరింటెండెంటు.

“మిగిలిన డెబ్భై ఒక్కమందినీ అడగలేదేం?”

“దొంగ దొరికాక ఇంకెందుకు?” అని నవ్వాడు సూట్‌కేసు.

“నాయనా, నూటికి తొంభై అయిదు కరెక్టంటే నూటికి అయిదు తప్పు. మరి ఎనభైకి ఎన్ని?”

“నాలుగు,” అంది నర్సు, ఎవరూ అడక్కుండానే.

“నాలుగు! అంటే ఏ పాపమూ ఎరగనివాళ్ళు ఓ నలుగురి మీద కూడా మీ పెట్టె కుయ్యిమంటుంది. అసలు దొంగ ఒకడు. మొత్తం సుమారు అయిదు కుయ్యిలు. ఆ అయిదింటిలో ఈ అమ్మాయిది ఒక కుయ్యి. అవకాశం అయిదింట ఒకటి. తొంభై అయిదు ఎక్కడ, ఇరవై ఎక్కడ? మొదటి కూత వినగానే కోడిని కోసేసినట్టుంది మీ పద్ధతి.”

సూపరింటెండెంటు బుగ్గ మీంచి చెయ్యి తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

“సరే,” అన్నాడు సూట్‌కేసు, మొహం బిగించి. “మిషను పక్కన పెట్టండి. తాళంచెవులు రెండే కదా? స్టోరుకీపరు పదిన్నర నుంచి పదకొండు వరకూ కింద స్టోరులోంచి నాలుగో అంతస్తు వార్డుకి సెలైన్ పెట్టెలు మోస్తూనే ఉన్నాడు. లిఫ్టు చెడిపోయింది, పోర్టర్లు సెలవు. ఒక్కడే నలభై పెట్టెలు మోశాడు. వార్డు పుస్తకంలో నలభై అని సంతకం ఉంది. చూసిన సాక్షి ఉన్నాడు. ఇంకెవరు మిగిలారు?”

“మిగిలిందేమిటో నేను చెప్తాను. ఆయన్నీ, ఆ సాక్షినీ పిలవండి. మెట్ల దగ్గరికి.”

అందరూ కదిలారు. మెట్ల మొదట్లో వాచ్‌మన్ స్టూలుంది. చేతికి వాచ్ లేని వాచ్‌మన్ అతను. ఎదురుగా గోడ గడియారం ఉంది కాబట్టి ఉద్యోగం నడిచిపోతోంది.

“నిజమేనమ్మా,” అన్నాడు. “పదిన్నరకి మొదలెట్టారు, సరిగ్గా పదకొండుకి అయిపోయింది. నాలుగేసి పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని ఎక్కేశారు. మొహం కూడా కనపడలేదు. అబ్బో, ఏం బలమండీ! సాయం పడతానంటే వద్దన్నారు.”

“ఎన్నిసార్లు ఎక్కారు?”

“ఎనిమిదిసార్లు. పనేం లేక లెక్కపెట్టాను.”

శేషం గారి కళ్ళు మెరిశాయి.

స్టోరుకీపరు వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాలో, జేబులో మూడు పెన్నులతో ఉన్నాడు.

“నమస్కారమండీ. ముప్ఫై ఏళ్ళ సర్వీసు నాది. ఒక్క పెట్టె తేడా రాలేదు.”

“చెయ్యి చూపించండి బాబూ.”

“జాతకం చూస్తారా?” అన్నాడు నవ్వుతూ, చెయ్యి చాపి.

“చూస్తాను.” అరచెయ్యి మెత్తగా దూదిలా ఉంది. మధ్యవేలి పక్కన మాత్రం పెన్ను పట్టీ పట్టీ కాయ కాసింది. “మీరు ముప్ఫై ఏళ్ళుగా పెట్టెలు రాశారు. మొయ్యడం ఇవాళే మొదలుపెట్టారా?”

“అవసరం వస్తే మొయ్యమా అండీ?”

“మోస్తారు, మోస్తారు. ఒక పెట్టెలో ఎన్ని సీసాలు?”

“ఇరవై నాలుగు. ఒక్కోటి అరలీటరు,” ఠక్కున చెప్పాడు.

“పెట్టె బరువెంత?”

అంతవరకూ ఠక్కుమన్న నోరు ఆగింది. “బరువు... పుస్తకంలో బరువు కాలమ్ ఉండదండీ.”

“నేను చెప్తాను. ఇరవై నాలుగు అరలీటర్లంటే పన్నెండు లీటర్లు. నీళ్ళే పన్నెండు కిలోలు. సీసాలూ అట్టా కలిపి పదమూడనుకోండి. నాలుగు పెట్టెలు యాభై రెండు కిలోలు. మీరెంత ఉంటారు?”

“యాభై... యాభై ఒకటి.”

“అంటే మిమ్మల్ని మీరు చంకనెత్తుకుని ఎనిమిదిసార్లు నాలుగంతస్తులు ఎక్కారు. అరగంటలో!”

వాచ్‌మన్ కిసుక్కుమన్నాడు. సూట్‌కేసుకి ఒళ్ళు మండింది.

“ఇదంతా మాటల గారడీ. అలవాటున్నవాడు ఎక్కగలడు. నేను రోజూ జిమ్ముకి వెళ్తాను, చూపించమంటారా?”

“ఆ మాటే అడగలేక ఆగాను నాయనా. మీది కాస్త బరువైన వ్యక్తిత్వం, నాలుగొద్దు. రెండు చాలు.”

స్టోరులోంచి నిండు పెట్టెలు రెండు తెప్పించారు. సూట్‌కేసు కోటు విప్పి, తన మిషను పెట్టెని వాచ్‌మన్ చేతిలో పెట్టి, సెలైన్ ఎత్తుకున్నాడు. సూటూ లేదు, కేసూ లేదు. గడియారం రెండూ ఇరవై. మొదటి అంతస్తు దాకా బూట్ల చప్పుడు టకటకలాడింది. రెండో అంతస్తులో టక్... టక్... అయింది. మూడో అంతస్తులో చప్పుడు లేదు, ఊపిరి మాత్రమే వినిపించింది. పైన మెట్ల దగ్గరే దించి, ఖాళీ చేతులతో దిగి వచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

“నాలుగు నిమిషాల పది సెకన్లు,” అన్నారు శేషం గారు. “మీరు జిమ్ము మనిషి, సగం బరువు, ఒకే ఒక్కసారి. ఈ పెన్నుల మనిషి రెట్టింపు బరువుతో, ఎనిమిది సార్లలో ఒక్కోదానికి తీసుకున్నది మూడు నిమిషాల నలభై అయిదు సెకన్లు. పైగా చొక్కా ఇస్త్రీ నలగలేదు. ఏమంటారు?”

సూట్‌కేసు మెట్టు మీద కూలబడ్డాడు. అనడానికి గాలి లేదు.

“ఇంకోటి. నాలుగేసి చొప్పున ఎనిమిదిసార్లు ఎంత?”

“ముప్ఫై రెండు,” అంది నర్సు.

“వార్డు పుస్తకంలో?”

“నలభై.”

“శేషం ఎనిమిది! ఆ ఎనిమిదీ తమంతట తామే మెట్లెక్కి వెళ్ళాయా స్టోరుకీపరు గారూ?”

అతను జేబులో పెన్నులు సర్దుకున్నాడు. “వాచ్‌మన్ లెక్క తప్పయి ఉంటుంది.”

“తప్పెవరిదో పైకెళ్ళి చూద్దాం. నాకు మోకాళ్ళు లేవు, నెమ్మదిగా వస్తాను. ఈయన్ని మాత్రం నా ముందు నడిపించండి.”

ఎనభై ఎనిమిది మెట్లు. ప్రతి మలుపులోనూ ఆవిడ ఆగి, మోకాలికి నచ్చజెప్పి, మళ్ళీ ఎక్కారు. మూడో మలుపులో వెనక నుంచి సూపరింటెండెంటు గడియారం చూసుకుంటూ, “రెండూ నలభై. మూడింటికి పోలీసులు వస్తారు. నేను వాళ్ళకి ఎవర్ని అప్పగించాలి?” అన్నారు.

“ఇరవై నిమిషాలుంది. అప్పటికి మీకు అప్పగించడానికి ఒకరుంటారు.”

పిల్లల వార్డు వరండా చివర, ఫ్రిజ్ గది పక్కనే, గోడకి ఆనించి పెట్టెలు పేర్చి ఉన్నాయి. ముందు వరసలో ఎనిమిది, వాటి వెనక ముప్ఫై రెండు. ఎదురు బెంచీ మీద పాప అమ్మమ్మ కూర్చుని ఉంది. చేతిలో పాప చెప్పులు. “మందు దొరికిందా అమ్మా?” అని అడిగింది.

“దొరికే దారిలోనే ఉన్నామమ్మా,” అని శేషం గారు ముందు వరస పెట్టె మీద వేలు గీశారు. వేలికి దుమ్ము అంటింది. “ఇవెప్పుడొచ్చాయి సిస్టర్?”

నర్సు వంగి అంచు మీద పెన్సిలు రాత చూసింది. “మొన్న వచ్చినవండీ. ఇవి మా పాత మిగులు, ఎనిమిది.”

“అదీ మన శేషం! ఇక వెనకవి చూద్దాం.” కర్ర పుల్లలాంటి ఒక వేలు పెట్టి వెనక వరసని తోశారు. అయిదు పెట్టెల దొంతర గాలికి కర్టెను కదిలినట్టు కదిలింది. పక్కన వాచ్‌మన్ గబుక్కున ఒకటి ఎత్తి, చేతిలో బరువు లేక తూలిపోయాడు.

“ఖాళీవి! ఖాళీ పెట్టెలకి టేపు వేసి పెట్టారు!”

“వాచ్‌మన్ బాబూ, ఇలాంటివి ఒక నాలుగు పట్టుకుని కిందికి దిగి మళ్ళీ పైకి రా.”

అతను వెళ్ళొచ్చాడు. రెండు నిమిషాలు.

శేషం గారు అందరికీ వినపడేలా చెప్పారు. “ఎనిమిదిసార్లకి రెండేసి నిమిషాలు, పదహారు. మొత్తం ముప్ఫై నిమిషాలు. శేషం పద్నాలుగు నిమిషాలు! ఫ్రిజ్ గది తలుపు ఇక్కడికి నాలుగడుగులు. తాళంచెవి జేబులో ఉంది. సిస్టరు పిల్లల మంచాల దగ్గర ఉంది. పద్నాలుగు నిమిషాల్లో ఒక ఐసుపెట్టె తీయొచ్చు, ఒక అట్టపెట్టెలో దూర్చొచ్చు, టేపు వెయ్యొచ్చు, ఈల వేసుకుంటూ దిగొచ్చు.”

“ఊహ!” అన్నాడు స్టోరుకీపరు. గొంతు మాత్రం ఊహూ అన్నట్టుంది. “గేటు దగ్గర అందరి సంచులూ తనిఖీ చేస్తారు. నేనెలా తీసుకెళ్తాను?”

“సంచులు చూస్తారు. ఖాళీ అట్టపెట్టెలు చూస్తావా వాచ్‌మన్?”

“చూడనండీ. రోజూ మూడున్నరకి పాత అట్టలవాడు వచ్చి తోపుడుబండిలో పట్టుకుపోతాడు. చెత్తలో ఏముంటుందని...”

“సిస్టర్, పసిపిల్లల్ని తూచే కాటా తీసుకురామ్మా.”

వరండాలో ముప్ఫై రెండు అట్టపెట్టెలు పసిపిల్లల్లా వరస కట్టాయి. నర్సు ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి చదువుతోంది. “ఆరొందల గ్రాములు... ఆరొందలు... ఆరొందల పది...” చదివే కొద్దీ ఆమె గొంతులో ఎక్కిళ్ళు పోయాయి. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. వార్డు తలుపులోంచి ఆయాలు తొంగి చూశారు. అమ్మమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది. ఇరవై మూడో పెట్టె.

నర్సు చదవలేదు. రెండోసారి చూసింది.

“మూడు కిలోల రెండొందలు!”

“తల్లీ బిడ్డా క్షేమం!” అని అరిచారు శేషం గారు. “కొయ్యండి బొడ్డు!”

సూపరింటెండెంటే కత్తెర తీసుకుని టేపు కోశారు. లోపల నీలం ఐసుపెట్టె ఉంది. నర్సు దాని పక్కనున్న చిన్న థర్మామీటరు చూసింది. “ఆరు డిగ్రీలు. ఎనిమిది దాకా ఫర్వాలేదు. మందు బతికే ఉంది!” మూత తీసి గబగబా లెక్కపెట్టింది. “ఆరూ ఉన్నాయి. మేడం, ఆరూ ఉన్నాయి!” పెట్టెని గుండెకి హత్తుకుని వార్డులోకి పరుగెత్తింది. ఆమె వెనకే అమ్మమ్మ, చెప్పులు చేత్తో పట్టుకునే, ఆ వయసులో ఎవరూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తింది.

గడియారం మూడుకి రెండు నిమిషాలు తక్కువ.

స్టోరుకీపరు గోడకి జారబడి కూర్చున్నాడు. అప్పుడే అతని జేబులో ఫోను గుర్రుమంది. శేషం గారు చెయ్యి చాపితే ఇచ్చేశాడు. తెర మీద పాత అట్టలవాడి సందేశం: ‘మూడున్నరకి వస్తున్నా. బరువు పెట్టె ఏ వరసలో?’

ఆవిడ ఒక్కో అక్షరమే నొక్కుతూ జవాబు రాశారు: ‘రా. నీకోసం వరసలో అందరూ నిలబడి ఉన్నారు.’ పంపబోతూ నాలిక్కరుచుకుని, రెండో ముక్క చెరిపేసి, ‘రా. మూడో వరస’ అని మార్చి పంపారు.

“ఎక్కడ తప్పానమ్మా?” అని అడిగాడు స్టోరుకీపరు, తల ఎత్తకుండా. “నలభైకి నలభై లెక్క సరిపోయింది కదా.”

“పెట్టెల లెక్క సరిపోయింది. ముప్ఫై ఏళ్ళూ పోర్టర్లు మోశారు, మీరు అంకె వేశారు. ఒక్క పెట్టె, ఒక్కసారి మోసి ఉంటే నాలుగు ఎత్తేవారు కాదు. అరగంటలో అయిందని చెప్పేవారూ కాదు.”

పోలీసులు పైకొచ్చారు. సూపరింటెండెంటు వేలు చూపించారు, ఈసారి సరైన మనిషి వైపు. తరవాత బుగ్గ పట్టుకుని శేషం గారి ముందుకొచ్చి నిలబడ్డారు.

“మీరింతటివారు. మరి పొద్దున అలా ఎందుకన్నారండీ? పిల్ల ప్రాణం మీదికొచ్చి ఫోను చేస్తే, ఫర్వాలేదు, అందరి దగ్గరా జరిగేదే అన్నారు! రెండోసారి చేస్తే ఒకసారి చెప్పారు చాలు అన్నారు!”

వరండాలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. సూట్‌కేసు కూడా, ఆశగా.

“మీరు సారీ చెబితే ఇంకేమనను? ఎక్స్‌రే కోసం మూడు గంటలు కూర్చోబెట్టినందుకు చెబుతున్నారనుకున్నాను.”

“సారీయా? నేను సారీ ఎందుకు చెప్తాను? చోరీ అన్నాను! చోరీ!”

“ఇప్పుడు చో అంటున్నారు. పొద్దున సా అన్నారు. చాలా అనడానికి కూడా సాలా అన్నారు.”

సూపరింటెండెంటు నోరు తెరిచి, అలాగే ఉంచి, వెనక దవడ వైపు వేలు పెట్టారు. “పదకొండింటికి పన్ను పీకించుకున్నానండీ. దవడ మొద్దుబారింది. ఒంటిగంట దాకా చ పలకలేదు నాకు.”

మొదట వాచ్‌మన్ పకపకమన్నాడు, తరవాత ఆయాలు, తరవాత ఇద్దరు పోలీసులు. సూపరింటెండెంటు నవ్వబోయి, నొప్పెట్టి, మళ్ళీ నవ్వారు.

ఆ నవ్వుల మధ్య వార్డు తలుపు తెరుచుకుంది. నర్సు బయటికొచ్చింది. “డాక్టరు గారు వచ్చారు. నాలుగింటి దాకా ఎందుకు, ఇప్పుడే ఎక్కిస్తామన్నారు. మొదటి సీసా మొదలైంది,” అంది.

సూట్‌కేసు నేల చూస్తూ ఆమె దగ్గరికి వెళ్ళాడు. కోటు చేతి మీద వేలాడుతోంది. మాట చాలా చిన్నగా వచ్చింది. “సారీ అమ్మా.”

“ఏమిటీ, చోరీయా? మళ్ళీనా!” అని ఎగిరిపడ్డారు సూపరింటెండెంటు.

“కాదు సారూ, ఈసారి సారీయే,” అన్నారు శేషం గారు. “ఆయన పళ్ళన్నీ ఉన్నాయి, నేను లెక్కపెట్టాను.”